అమ్మాయి పర్యావరణ ఇంజనీరింగ్ చదువుతానంటే

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంటర్ ఫలితాలొచ్చి, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ర్యాంకు చేతికందిన దగ్గర్నుంచి మన ఇళ్ళల్లో ఓ నెల రోజులు ఎట్లా గడుస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా ఎవరికీ పట్టదు. వచ్చిన చుట్టమల్లా ఒక సలహా ఇచ్చి పోతారు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఎంత ఫీజు, ఏం ఉద్యోగం, పొద్దస్తమానం ఇదే మాట. చివరికి ఆప్షన్ల వరసలో ఏ బ్రాంచిని ముందు పెట్టాలో తేల్చేటప్పుడు మాత్రం తల్లి వంక ఎవరూ చూడరు. "నీకేం తెలుస్తుంది?" అంటారు. ఇవాళ నేను చెప్పబోయే చదువు విషయంలో ఆ మాట చెల్లదు. ఈ చదువులో సగం మన వంటింట్లోదే.

మూడేళ్ళ కిందట అటువంటి రోజుల్లోనే మా చెల్లెలు తన బిడ్డని వెంటబెట్టుకుని కరీంనగర్‌లో మా ఇంటికొచ్చింది. వాళ్ళది బొగ్గు గనుల ఊరు. వచ్చీ రాగానే చేతిసంచి అరుగు మీద పడేసి, "అక్కా, దీనికి నువ్వన్న చెప్పు. అందరు కంప్యూటర్ల బ్రాంచి తీసుకుంటుంటే ఇదేమో పర్యావరణం చదువుతనంటది. చెట్లు పెట్టేటందుకు ఇంజనీరింగు ఎందుకే?" అంది.

పిల్ల నెమ్మదిగా, "చెట్లు పెట్టుడు కాదు పెద్దమ్మా. అమ్మ దినాం ఆరిన బట్టలు రెండోసారి దులుపుతది కదా, ఆ నల్లదుమ్ము బట్టల మీదికి రాకముందే ఆపే చదువు ఒకటున్నదట. అది చదువుత" అంది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. అయినా ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నాలుగు రోజులు ఆ చదువు చెప్పేవాళ్ళని అడిగాను, సిలబస్ తెప్పించి చూశాను. తెలుసుకున్నది మీతో చెప్పుకుందామనే ఈ ప్రసంగం. మీ ఇంట్లోనూ రేపో మాపో ఈ ప్రశ్న రావచ్చు.

ఇంటి పని, ఊరి పని

ఇల్లాలు పొద్దున లేచి ఏం చేస్తుంది? తాగడానికి శుభ్రమైన నీళ్ళు పట్టిపెడుతుంది. వాడిన నీళ్ళు నిలవకుండా బయటికి పంపుతుంది. పొగ లోపల కమ్ముకోకుండా కిటికీ తెరుస్తుంది. చెత్త వూడ్చి అవతల పోస్తుంది. చెడిపోయిందేదో, పనికొచ్చేదేదో చూసి విడదీస్తుంది. ఈ పనులే ఒక ఊరంతటికీ, ఒక కార్ఖానాకీ, ఒక నదికీ చేయాల్సి వస్తే కొలతలు కావాలి, లెక్కలు కావాలి, యంత్రాలు కావాలి. ఆ కొలతల, లెక్కల చదువే పర్యావరణ ఇంజనీరింగ్. ఒకప్పుడు దీన్ని ప్రజారోగ్య ఇంజనీరింగ్ అనేవారు. ఇప్పటికీ మునిసిపాలిటీల్లో మంచినీళ్ళు, మురుగు చూసే శాఖని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇది నేను పోలిక కోసం చెబుతున్న మాట కాదు. అమెరికాలో ఎలెన్ స్వాలో రిచర్డ్స్ అనే ఆవిడ వుండేది. మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో చేరిన మొదటి స్త్రీ ఆవిడే. 1873లో రసాయనశాస్త్రంలో డిగ్రీ తీసుకుంది. 1887 నుంచి ఆ రాష్ట్రంలోని నదులు, చెరువులు, బావుల నీళ్ళని వేల సీసాల్లో తెప్పించి పరీక్షించింది. ఎక్కడి నీళ్ళలో మురుగు కలుస్తోందో ఆ లెక్కల్లో బయటపడింది. తర్వాత అదే సంస్థలో ఇంజనీరింగ్ విద్యార్థులకి నీళ్ళూ, మురుగూ, గాలీ పరీక్షించడం నేర్పింది. ఆవిడే 1882లో వంట గురించీ, శుభ్రత గురించీ రసాయనశాస్త్ర దృష్టితో ఒక పుస్తకం రాసింది. మన ఆడపిల్లలు కాలేజీల్లో చదివే గృహవిజ్ఞానశాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో కూడా ఆవిడ ముఖ్యురాలు. అంటే గృహవిజ్ఞానమూ, పర్యావరణ ఇంజనీరింగూ ఒక తల్లి చేతిలో పెరిగిన బిడ్డలన్నమాట.

మానేరు నుంచి మంచినీళ్ళ బిందె దాకా

నాలుగేళ్ళలో ఏం చెబుతారు అంటే, మొదటి ఏడు ఏ ఇంజనీరింగ్‌లోనైనా వుండేవే: లెక్కలు, భౌతికం, రసాయనం, డ్రాయింగు, కొంత కంప్యూటరు. రెండో ఏడు నుంచి నీళ్ళు గొట్టాల్లో, కాలువల్లో ఎట్లా పారుతాయి, నేల ఎత్తుపల్లాలు ఎట్లా కొలవాలి, కంటికి కనపడని సూక్ష్మజీవులు ఏం చేస్తాయి అన్నవి వస్తాయి. మూడో ఏట నీటి శుద్ధి, మురుగు శుద్ధి, గాలి కాలుష్యం. నాలుగో ఏట చెత్త, కార్ఖానాల వ్యర్థాలు, చట్టాలు, ఒక ప్రాజెక్టు. కాలేజీని బట్టి వరస కొంచెం అటూ ఇటూ అవుతుంది.

పేర్లు వింటే భయం వేస్తుంది గానీ, మన నీళ్ళ సంగతే తీసుకోండి. కరీంనగర్ పక్కన మానేరు మీద కట్టిన దిగువ మానేరు జలాశయం 1985లో పూర్తయింది. దాదాపు 24 టి.ఎం.సి. నీళ్ళు పట్టే పెద్ద జలాశయం అది. అటువంటి జలాశయం నీళ్ళు అట్లాగే నల్లాలోకి రావు. వానాకాలం నీళ్ళలో సన్నటి మట్టి వుంటుంది. బిందెలో పోసి రాత్రంతా పెట్టినా అది అడుగుకి దిగదు. ఎందుకంటే ఆ మట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం వుండి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూ వుంటాయి. మన అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవారు. మనం పటిక తిప్పుతాం. పటిక ఆ ఆవేశాన్ని చల్లార్చేస్తుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. నీటి శుద్ధి కేంద్రంలో జరిగేది కూడా ఇదే. కాకపోతే అక్కడ ఇంజనీరు ముందు గాజు పాత్రలు వరసగా పెట్టి, ఒక్కో పాత్రలో ఒక్కో మోతాదు పటిక వేసి, ఇవాళ వచ్చిన నీళ్ళకి ఎంత వేస్తే సరిపోతుందో తేలుస్తుంది. నిన్నటి మోతాదు ఇవాళ పనికిరాకపోవచ్చు. పులుసులో ఉప్పు చూసి వేసినట్లే.

మట్టి దిగిన నీళ్ళని ఇసుక పొరల గుండా వడపోస్తారు. ఆఖరున క్లోరిన్ కలుపుతారు. కనీసం అరగంట కలిసి వుంటేనే అది క్రిముల్ని చంపుతుంది. అదీగాక గొట్టాల్లో ఎక్కడైనా మళ్ళీ క్రిమి చేరితే దాన్ని చంపడానికి కొంచెం మిగిలి కూడా వుండాలి. నల్లా దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా వుండాలని నియమం. అంచేత నల్లా నీళ్ళు కొంచెం మందువాసన వస్తే విసుక్కోకండి, అది మనకి కాపలా. ఇంకొక్క మాట. మురికి నీళ్ళలో బ్లీచింగ్ పొడి కలిపితే దాని బలమంతా మురికి మీదే ఖర్చయిపోతుంది. ముందు తేర్చి, వడపోసి, తర్వాతే మందు కలపాలి.

ఇక ఫ్లోరైడ్. మన జిల్లాల్లో కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఇది వుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, ఇంకా ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోవడం. చాలామంది "కాచి తాగుతున్నాం కదా" అనుకుంటారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. దీన్ని తీయడానికి పటిక, సున్నం వాడే చవక పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు రూపొందించారు. దాని పేరేమిటో తెలుసా? నల్లగొండ పద్ధతి. మన తెలుగు ఊరి కష్టం పేరు మీదే ప్రపంచమంతా ఆ పద్ధతిని చదువుకుంటారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ కూడా ఈ బోరునీళ్ళ బెడద తప్పించి, నదుల నీళ్ళు శుద్ధిచేసి ఊళ్ళకి ఇవ్వాలన్న ఆలోచనే.

వాడి పారబోసిన నీళ్ళు

మనం పారబోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయని ఎప్పుడైనా ఆలోచించారా? ఊరికి ఇచ్చిన నీళ్ళలో నూటికి ఎనభై వంతులు మురుగై తిరిగి వస్తాయని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. ఆ మురుగు వాగులో పడుతుంది, వాగు మానేరులో, మానేరు మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఒడ్డున కిందికి ఎన్ని ఊళ్ళున్నాయో లెక్క లేదు. మన తొట్టిలో పారబోసింది ఇంకో ఇల్లాలి బిందెలోకి చేరే దారిలో వుందన్నమాట. మధ్యలో దాన్ని ఆపి శుభ్రం చేసేవాళ్ళు కావాలి.

ఆ శుభ్రం చేసే పద్ధతి కూడా మనకి కొత్తది కాదు. ఇడ్లీ పిండి పులియబెట్టడం, పాలు తోడుపెట్టడం తెలిసినవాళ్ళం మనం. కంటికి కనపడని జీవులకి మేత, వెచ్చదనం ఇస్తే వాటి పని అవి చేస్తాయని మనకి తెలుసు. మురుగు శుద్ధి కేంద్రంలో పెద్ద తొట్లలోకి గాలి పంపుతూ అటువంటి జీవుల్ని పెంచుతారు. అవి మురుగులోని మలినాన్ని తినేసి అడుగుకి దిగుతాయి. అడుగుది కొంత తీసి మళ్ళీ కొత్త మురుగులో కలుపుతారు, అచ్చం తోడు మిగిల్చి పెట్టుకున్నట్లే. మలినం ఎంత వుందో తెలుసుకోవడానికి, ఆ జీవులు దాన్ని తినడానికి ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో కొలుస్తారు. మన దేశంలో ఆ పరీక్ష 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చేస్తారు. శుద్ధి చేయని మురుగు చెరువులో పడితే ఆ జీవులే నీళ్ళలోని ఆక్సిజనంతా వాడేస్తాయి. ఒక తెల్లవారుజామున చేపలు తెల్లగా తేలడానికి చాలాసార్లు కారణం అదే.

బొగ్గు, బూడిద, కాగితం

పాత లెక్కలో గోదావరికి ఇవతల ఒడ్డు కరీంనగర్ జిల్లా, అవతల ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. 2016లో ఇవి ఎనిమిది జిల్లాలయ్యాయి గానీ నది అదే, గాలి అదే. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనులు; రామగుండంలో 2,600 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం; మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్‌లలో సిమెంటు; కాగజ్‌నగర్‌లో కాగితం. ఇన్ని పరిశ్రమలు పక్కపక్కనే వున్న చోట్లు రాష్ట్రంలో తక్కువ. వీటివల్ల వేల ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది. వీటిని వద్దనుకునే ప్రసక్తి లేదు. ఎంత శుభ్రంగా నడపవచ్చో చూడడమే ఈ చదువు పని.

మా పిల్ల అడిగిన నల్లదుమ్ము సంగతి చూద్దాం. బొగ్గు పలిగేచోట నీళ్ళు చిలకరించడం, బొగ్గు పోయే బెల్టుల్ని మూసి వుంచడం, లారీలకి పట్టా కప్పించడం, గాలి ఎటు వీస్తుందో చూసి ఇళ్ళకీ గనికీ నడుమ చెట్ల వరస పెంచడం: ఇవన్నీ చెప్పినంత తేలికగా అయ్యేవి కావు. ఎన్ని నీళ్ళు, ఏ వేళలో, ఎంత ఎత్తు చెట్లు అన్నది కొలిచి తేల్చాలి. అట్లాగే విద్యుత్ కేంద్రం. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. వంద కిలోలు కాలిస్తే ముప్పై నుంచి నలభై కిలోల దాకా బూడిదే మిగులుతుంది. సన్నటి బూడిద పొగగొట్టంలోంచి ఎగిరిపోకుండా విద్యుత్తుతో పట్టుకుంటారు. తలదువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కోవడం చిన్నప్పుడు చూశాం కదా, అదే సూత్రం. పట్టిన బూడిదని సిమెంటులో, ఇటుకల్లో కలుపుతారు. మీరు కొత్త ఇల్లు కట్టుకుంటూంటే ఆ బూడిద ఇటుకలు చూసే వుంటారు.

కాగజ్‌నగర్ పాత పేరు కొత్తపేట. కాగితం మిల్లు వచ్చాకే ఆ పేరు మారింది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్ళీ తెరుచుకుంది. మూతపడ్డ ఆ నాలుగేళ్ళు ఆ ఊరి ఆడవాళ్ళు సంసారాలు ఎట్లా ఈదారో వాళ్ళనే అడగాలి. కాగితం తయారీకి నీళ్ళు ఎక్కువ కావాలి. కట్టె గుజ్జు వుడికించాక చిక్కటి నల్లటి ద్రావణం మిగులుతుంది. దాన్ని వాగులో వదిలితే వాగు చస్తుంది. దాన్నే చిక్కబరిచి బాయిలర్లో కాలిస్తే వేడి వస్తుంది, వుడికించడానికి వాడిన మందులు కూడా చాలావరకు తిరిగి చేతికొస్తాయి. పారబోసే గంజిలో బలం వుందని మన పెద్దవాళ్ళు చెప్పిన మాట గుర్తొస్తుంది నాకు.

ఈ పనులు యజమాని మంచితనానికి వదిలేసినవి కావు. 1974లో నీటి కాలుష్య చట్టం, 1981లో గాలి కాలుష్య చట్టం, 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. పెద్ద గని గానీ, పెద్ద కార్ఖానా గానీ కొత్తగా పెట్టాలంటే దానివల్ల నీళ్ళకి, గాలికి, మనుషులకి ఏమవుతుందో ముందుగా నివేదిక తయారుచేయాలి. చాలావాటికి ఊరివాళ్ళని కూర్చోబెట్టి ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరపాలి. ఆ నివేదిక రాసేది ఈ చదువు చదివినవాళ్ళే. అది వందల పేజీలు వుంటుంది. రాసేవాళ్ళకి మన వాగు పేరు, ఎండాకాలం ఏ నెలలో ఏ బావి ఎండుతుందన్న సంగతి తెలిసి వుండటం ఎంత అవసరమో ఆలోచించండి. మన పిల్లలు ఈ చదువులోకి పోవాలని నేను అనడానికి అసలు కారణం ఇదే.

చెరువు కూడా ఇంజనీరింగే

ఈ చదువులో ఇంకో పాయ వుంది. దాన్ని జీవావరణ ఇంజనీరింగ్ అంటారు. యంత్రం బదులు మొక్కలతో, మట్టితో, చెరువుతో పని చేయించుకోవడం. కలకత్తా తూర్పు పక్కన వున్న చిత్తడి నేలల్లో ఆ నగరం మురుగుతో చేపలు పెంచుతారు, కూరగాయలు పండిస్తారు. ఎండ, నాచు, సూక్ష్మజీవులు కలిసి నీళ్ళని తేరుస్తాయి. 2002లో ఆ నేలలకి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

మనకీ ఆ తెలివి వుంది. కాకతీయుల కాలం నుంచీ వచ్చిన గొలుసుకట్టు చెరువుల్ని చూడండి. పై చెరువు నిండి అలుగు పోస్తే కింది చెరువుకి నీళ్ళు. వరద ఆగుతుంది, బావుల్లో వూట పెరుగుతుంది, అడుగున చేరిన ఒండ్రు పొలానికి ఎరువు. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసి పొలాలకి తోలింది ఆ ఒండ్రునే. అంతెందుకు, మన అమ్మలు అంట్లు తోమిన నీళ్ళు పోయేచోట అరటి, చేమ, మెట్టతామర పెట్టేవారు. నీళ్ళు నిలవవు, దోమలు తగ్గుతాయి, ఆకూ పండూ మిగులుతాయి. ఇప్పుడు మొక్కలతో మురుగు శుద్ధి చేసే మడుల్లో కూడా మెట్టతామర, జమ్ము వంటివి నాటుతున్నారు. ఎంత నీటికి ఎంత మడి కావాలో లెక్కగట్టడం ఇంజనీరు వంతు.

ఎక్కడ చదవాలి? నౌకరీ సంగతేమిటి?

ఇక అసలు సంగతి. ఇక్కడ మీకు ఉన్నదున్నట్లు చెప్పాలి.

పర్యావరణ ఇంజనీరింగ్ పేరుతోనే బి.టెక్. లేదా బి.ఇ. ఇచ్చే కాలేజీలు దేశంలో తక్కువ. ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ, ధన్‌బాద్ ఐ.ఐ.టి., మైసూరులోని జయచామరాజేంద్ర ఇంజనీరింగ్ కాలేజీ అటువంటివి. వీటికి వేరే వేరే ప్రవేశ పరీక్షలు, దూరాభారం. మన దగ్గర చాలామంది పిల్లలు తొక్కే దారి వేరు. బి.టెక్. సివిల్ ఇంజనీరింగ్‌లో చేరతారు. అందులో నీటి శుద్ధి, మురుగు శుద్ధి పాఠాలు వుంటాయి. తర్వాత గేట్ పరీక్ష రాసి పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేస్తారు. గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కి ప్రత్యేకంగా ఒక పేపరే పెట్టారు. ఇంటర్లో ఎం.పి.సి. చదివి, రాష్ట్ర ప్రవేశ పరీక్షతో సివిల్‌లో చేరవచ్చు. జె.ఇ.ఇ.లో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్.ఐ.టి. వుంది. పాత ఆదిలాబాద్ జిల్లాలోనే బాసరలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐ.టి.లో పదో తరగతి మార్కుల మీద తీసుకుంటారు. ఆరేళ్ళ చదువు, సివిల్ బ్రాంచి వుంది. పల్లెటూరి గవర్నమెంటు బడి పిల్లలకి అది మంచి దారి.

ఒక జాగ్రత్త. అన్ని డిగ్రీల్లోనూ పర్యావరణం మీద ఒక చిన్న పేపరు వుంటుంది. దాన్ని చూసి ఇదే ఆ చదువు అనుకోవద్దు. బి.ఎస్సి. పర్యావరణ శాస్త్రమూ ఇది కాదు. అది మంచి చదువే గానీ ఇంజనీరు పట్టా రాదు.

నౌకరీలు ఎక్కడుంటాయి? కాలుష్య నియంత్రణ మండలిలో, మునిసిపాలిటీల ప్రజారోగ్య విభాగంలో, మంచినీటి పథకాల్లో, గనుల్లో, విద్యుత్ కేంద్రాల్లో, సిమెంటు, కాగితం, మందుల కార్ఖానాల పర్యావరణ విభాగాల్లో, నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీల్లో. కంప్యూటరు బ్రాంచివాళ్ళకి వచ్చినట్లు చదువు చివర్లో వరసగా కంపెనీలు వచ్చి ఎంచుకుపోవడం ఇక్కడ తక్కువ. మొదటి జీతాలు కూడా వాళ్ళంత వుండవు. ఇంకొకటి, గవర్నమెంటు ఇంజనీరు పోస్టుల్లో చాలావాటికి సివిల్ డిగ్రీనే అడుగుతారు. పర్యావరణం పేరున్న డిగ్రీ చెల్లుతుందో లేదో ఆ పోస్టు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. అందుకే సివిల్ చదివి తర్వాత ఇటు రావడం మధ్యతరగతి ఇంటికి నిబ్బరమైన దారి అని నాకు తోచింది. ఒకవేళ ఎం.టెక్. కుదరకపోయినా చేతిలో సివిల్ పట్టా వుంటుంది.

"ఆడపిల్ల, మురుగు కాల్వల వెంట, గనుల వెంట తిరుగుతుందా?" అని మా చెల్లెలి అత్తగారు అడిగారు. తిరగాల్సిందే. ప్రయోగశాలలో, డిజైన్లలో కూర్చుని చేసే పనీ చాలా వుంది గానీ, కాలవ చూడకుండా కాలవ ఇంజనీరు కాలేరు. ఆవిడకి నేను అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి చెప్పాను. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పద్దెనిమిదో ఏట భర్త పోయాడు, ఒళ్ళో నాలుగు నెలల పాప. ఆ కాలంలో అటువంటి పిల్లకి లోకం ఏం రాసిపెట్టిందో మీకు తెలుసు. తండ్రి అండతో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1940లలో ఎలక్ట్రికల్ ఇంజనీరై, భాక్రానంగల్ వంటి పెద్ద పనుల్లో పాలుపంచుకున్నారు. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరామె. ఆ రోజుల్లో ఆమె చేయగలిగితే, ఈ రోజుల్లో మన పిల్ల కాలవ దాకా వెళ్ళలేదా?

గోడ మీద గీతలు

చివరికి మా ఇంట్లో ఏమైందంటారా? పిల్ల సివిల్‌లో చేరింది. ఒకసారి సెలవుల్లో ఇంటికొచ్చి తల్లిని ఒక సాయం అడిగింది. "అమ్మా, మనింట్ల దినానికి ఎన్ని బిందెల నీళ్ళు అయితున్నయో ఒక వారం లెక్క పెడుతవా?"

మా చెల్లెలు చదివింది ఏడో తరగతి. స్నానాలు, వంట, బట్టలు, అంట్లు, ఇల్లు కడగడం, దేనికెన్ని బిందెలో విడివిడిగా వంటింటి గోడ మీద చాక్‌పీసుతో గీతలు గీసింది. వారం పోయాక చూస్తే సగటున రోజుకి 32 బిందెలు. బిందెకి 15 లీటర్లు. 480 లీటర్లు, ఐదుగురు మనుషులు. తలకి 96 లీటర్లు. పిల్ల పుస్తకం తెరిచి చూపించింది. భూగర్భ మురుగు కాలవలున్న నగరాల్లో తలకి 135 లీటర్లు, అవి లేని చిన్న పట్టణాల్లో 70 అని అందులో వుంది.

"మరి నా లెక్క తప్పా?" అంది చెల్లెలు.

"తప్పు కాదమ్మా. అది అందరింటి అంచనా, ఇది మనింటి కొలత. రెండూ తెలిస్తేనే గొట్టం ఎంత లావు వెయ్యాల్నో తెలుస్తది" అంది పిల్ల.

ఆ రోజు నుంచి మా చెల్లెలు "చెట్లు పెట్టేటందుకు ఇంజనీరింగు ఎందుకే" అనడం మానేసింది. గోడ మీద గీతలు చాలా రోజులు తుడవలేదు. ఎవరైనా వస్తే "ఇది నా బిడ్డ చదువు" అని చూపించేది. నాకైతే ఆ గీతల్లో ఆమె చదువు కూడా కనపడింది.

సోదరీమణులారా, మీ అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఈ చదువు కావాలంటే వెంటనే వద్దనకండి, వెంటనే సరేననీ అనకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, నీకు రసాయనం, లెక్కలు రెండూ ఇష్టమేనా? రెండు, బురదలో దిగడానికి, దుమ్ములో నిలబడడానికి సిద్ధమేనా? మూడు, మొదటి రెండు మూడేళ్ళు జీతం తక్కువైనా ఓర్చుకుంటావా? మూడింటికీ అవునంటే, ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన మీరూ కూర్చోండి. "నీకేం తెలుస్తుంది" అని ఎవరైనా అంటే, పటిక తిప్పడం, తోడుపెట్టడం, తడిచెత్త పొడిచెత్త విడదీయడం నాకు తెలుసని చెప్పండి. మిగతాది పిల్ల నేర్చుకొస్తుంది.